దుప్పటి రంగు

యూనిఫాం చొక్కా జేబు కింద నూనె మరక కనిపించగానే ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. నూనె మీద వేడి తగిలిందంటే అది గుడ్డలో కాపురం పెట్టేస్తుంది, ఇక పొమ్మన్నా పోదు. చొక్కా ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ స్టోరు మనిషి కొత్తదేనన్నాడు. కాదని కాలరు చెబుతూనే ఉంది. ఎవరో కొన్నాళ్ళు తొడుక్కుని, పని మానేసి, తిరిగి ఇచ్చేసి వెళ్ళిన చొక్కా అది. ఆమె మరక మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, అది నూనెను పీల్చుకునేదాకా టీ తాగుతూ కూర్చుంది. తరవాత పౌడరు దులిపేసి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి, చూపుడువేలి కొసతో అంచుల నుంచి మధ్యకు మెల్లగా అద్దింది. రుద్దలేదు. మరకను రుద్దేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట.

నలభై ఏడేళ్ళ మనిషికి డెబ్భై ఏళ్ళ చేతులు. ఇరవై రెండేళ్ళు నీళ్ళలో, మందుల్లో నాని వేళ్ళ కొసలు నున్నబడిపోయాయి. గోళ్ళు పలచబడి, కొసల దగ్గర చీలి ఉంటాయి. మనిషి సన్నగా, పొట్టిగా, గుంపులో ఉంటే ఉన్నట్టు తెలియకుండా ఉంటుంది. నడిచేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం కన్నా ముందు వాళ్ళ చొక్కా చూస్తుంది. ఎవరు ఏం తిని వచ్చారో, ఎవరి పెన్ను కారిందో, ఎవరింట్లో పసిబిడ్డ ఉందో మాట్లాడకుండానే చెప్పగలదు.

ఆ ఇరవై రెండేళ్ళూ సందు చివర డ్రైక్లీనింగ్ దుకాణంలో, వెనక గదిలో గడిచాయి. ముందు గదిలో యజమాని రసీదులు రాసేవాడు. మామూలు బట్టలొస్తే ఆయనే తీసుకునేవాడు. ఎవరైనా చిన్నబోయిన మొహంతో వచ్చి, కవరులోంచి బట్ట బయటికి తీయడానికే మొహమాటపడితే మాత్రం వెనక్కి తిరిగి కేకేసేవాడు. అలా కేకేయగా కేకేయగా ఆమెకు 'మరకలమ్మ' అన్న పేరు స్థిరపడింది. మొదట్లో నొచ్చుకుంది. తరవాత్తరవాత, రోడ్డు మీద ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తలెత్తి నవ్వడం అలవాటు చేసుకుంది.

మరకల సంగతులు రాయమన్నది చెల్లెలే. పేరు చిట్టి కాదు కానీ, ఇంట్లో అందరికీ చిట్టే. ఆరేళ్ళ కిందట ఒకనాడు దుకాణానికొచ్చి, అక్క ఒక పెళ్ళికోటు మీది ద్రాక్షరసం మరకను తీయడం దగ్గరుండి చూసింది. తీస్తూ తీస్తూ ఆ కోటు ఎవరిదో, ఆ మరక ఎలా పడి ఉంటుందో అక్క కథలా చెప్పుకుపోతోంది. చిట్టి విని, ఇవన్నీ నోట్‌బుక్కులో రాసిపెట్టు, నేను ఇంటర్నెట్లో బ్లాగు పెడతాను అంది. అలా రాసేవాళ్ళకు ప్రకటనలొస్తాయనీ, ప్రకటనలతో పాటు డబ్బులూ వస్తాయనీ చెప్పింది. ఎనిమిదేళ్ళు చిన్నదైనా చిట్టికి లోకం తెలుసు. అక్క దగ్గరున్నది బటన్ల ఫోను. అందుకని ఆమె రాయడం, ఆదివారం చిట్టి వచ్చి పేజీలు ఫోటో తీసుకుపోవడం, ఇంటి దగ్గర టైపు చేసి పెట్టడం. 'మరకలమ్మ మాటలు' అన్న అక్షరాలు ఫోనులో కనిపించిన రోజున ఆమె ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, వేలు తగిలితే ఎక్కడ చెరిగిపోతుందోనని ఊపిరి బిగబట్టి చూసింది.

తరవాత ఆ పేజీ ఎక్కువసార్లు చూడలేదు. చిట్టిని అడిగితే, ఏదో రిపేరు జరుగుతోందక్కా అనేది. ఎంతమంది చదువుతున్నారని అడిగితే, పట్టుమని పది మంది లేరక్కా, ఓపిక పట్టాలి అనేది. ఆమె ఓపిక పట్టింది. పది మందికైనా తప్పు చెప్పకూడదని, రాసే ముందు ప్రతి చిట్కానూ పాత గుడ్డ మీద మళ్ళీ ఒకసారి చేసి చూసేది.

పోయిన ఏడాది చివర యజమాని దుకాణం తీసేస్తానన్నాడు. బయటివాళ్ళకిచ్చే బదులు నువ్వే తీసుకోమ్మా, అడ్వాన్సు కాస్త చూసుకో చాలు అన్నాడు. ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకుంది. ఆదివారం చిట్టి రాగానే, బ్లాగులో ఏమైనా వచ్చిందా అని అడిగింది. అడగడానికి సిగ్గేసి, చేతిలో ఉన్న పళ్ళెం తుడుస్తూ అడిగింది. చిట్టి జాలిగా చూసి, టీ డబ్బులు కూడా రాలేదక్కా అంది. దుకాణం చేయి దాటిపోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లమ్ముతున్నారు.

మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాక, ఊరి చివర పెద్ద లాండ్రీ ఫ్యాక్టరీలో మరకల సెక్షనుకు మనుషులు కావాలని తెలిసింది. హోటళ్ళ, ఆసుపత్రుల బట్టలన్నీ అక్కడికే వెళతాయి. చిట్టితో అంటే, అక్కడ నీలాంటివాళ్ళను చేర్చుకోరని ఒకసారి, మందుల వాసనకు ఊపిరితిత్తులు పాడవుతాయని ఒకసారి, అంత దూరం బస్సులో ఎక్కడ పోతావని ఇంకోసారి, మొత్తం మీద మూడుసార్లు అడ్డం పడింది. నా మీద ప్రేమ కొద్దీ అంటోందనుకుంది అక్క. అందుకే చెప్పకుండా వెళ్ళి, పరీక్షకిచ్చిన గుడ్డ మీది తుప్పు మరకను నిమ్మరసం, ఉప్పుతో మాయం చేసి, ఉద్యోగం తెచ్చుకుంది. ఆదివారం చెబితే చిట్టి నోరు వెళ్ళబెడుతుందనుకుని తనలో తనే నవ్వుకుంది. ఈ జీతంతో బండి లాగితే, ఎప్పటికో ఒకప్పటికి బ్లాగు కూడా దారిలో పడుతుంది.

ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని రెండు బస్సులు మారి వెళ్ళింది.

గేటు దగ్గర వేలిముద్ర యంత్రం ఆమె వేలిని ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, చేతులు మార్చింది. ప్రతిసారీ ఎర్రదీపమే. గేటు మనిషి విసుగుపడి, ఇన్నేళ్ళొచ్చినా వేలికి గీతలే లేవేంటమ్మా అన్నాడు. చివరికి రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి వెళ్ళింది.

లోపల ఒక పెద్ద హాలు. గది అంతెత్తు ఉతుకు యంత్రాలు వరసగా తిరుగుతున్నాయి. పక్కనున్నవాళ్ళతో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. ఆవిరి గొట్టాల నుంచి బుసలు. తెల్లటి దుప్పట్లు బండ్ల మీద కొండల్లా వచ్చి దిగుతున్నాయి. మరకల సెక్షను ఆ చివర, కిటికీల పక్కన పొడుగాటి రేకు బల్లల దగ్గర ఉంది. ఆమెతో పాటు ఆ రోజు మరో ఏడుగురు చేరారు. పక్క బల్ల దగ్గర నిలబడ్డాయన మునుపు లారీ డ్రైవరు. ఆయన ఒళ్ళు చూసి అప్పటికే అందరూ 'బొద్దాయన' అనేస్తున్నారు. ఇంట్లో తన బనీను కూడా ఏనాడూ ఉతుక్కోలేదనీ, ఆ సంగతి భార్య ఇక్కడికొచ్చి చెప్పకపోతే నెల గడిచిపోతుందనీ ఆమె చెవిలో చెప్పాడు.

మొదటి గంటలోనే ఆయన ఆసుపత్రి దుప్పటి మీది నెత్తుటి మరకను వేడినీళ్ళ కుళాయి కింద పెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వేడినీళ్ళు వద్దండి. చల్లనీళ్ళే. వేడి తగిలితే రక్తం ఉడికిపోతుంది, ఇక వదలదు."

ఆయన బుద్ధిగా కుళాయి మార్చాడు. మరక గులాబీ రంగు తీగలా నీళ్ళలోకి జారిపోవడం చూసి, అమ్మో, నువ్వు మంత్రగత్తెవా ఏంటమ్మా అన్నాడు. ఆమెకు ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంది. దుకాణం పోయినా చేతిలో పని పోలేదు. యంత్రాల హోరులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో చిన్నగా కూనిరాగం కూడా తీసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్తవాళ్ళందరినీ శిక్షణ గదికి రమ్మన్నారు. సూపర్‌వైజర్ కుర్రవయసువాడే గానీ మర్యాదస్తుడు. మీ అదృష్టం, మేడం రెండు నెలలకొకసారే వస్తారు, సరిగ్గా మీరు చేరిన రోజే వచ్చారు అన్నాడు. అందరికీ తలా ఒక చిన్న పుస్తకం పంచాడు. నున్నటి అట్ట. అట్ట మీద 'చిట్టి చిట్కాలు' అని పెద్ద అక్షరాలు, కింద చేతులు కట్టుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి ఫోటో.

ఆమె ఆ ఫోటోను మొదట మనిషిగా చూడలేదు. అలవాటు కొద్దీ మొదట చొక్కా చూసింది. ఆకుపచ్చ చొక్కా. పోయిన పుట్టినరోజుకు తను కొనిచ్చినది. అప్పుడు మొహం చూసింది.

పుస్తకం తెరిచింది. 'మరకకు కోపం వస్తుంది, బలవంతం చేస్తే ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది.' తన వాక్యమే. అది రాసిన రోజు కూడా గుర్తుంది, కరెంటు పోయి గుమ్మంలో కూర్చుని రాసింది. పేజీ తిప్పింది. పెళ్ళికోటు. ఇంకో పేజీ. తుప్పు. ఇంకో పేజీలో, తను ఒకచోట తప్పు రాసి కొట్టేసి, పక్కన సరిచేసిన మాట కూడా సరిచేసినట్టే ఉంది. చివరి అట్ట మీద, లక్షలాది పాఠకుల అభిమాన బ్లాగు, ఇప్పుడు మా సంస్థ సలహాదారు రచనగా మీ చేతుల్లో అని ఉంది. ఆమెకు చెవుల్లో యంత్రాల హోరు ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. చూస్తే, శిక్షణ గది తలుపు ఎవరో మూశారు, అంతే.

చిట్టి లోపలికి వచ్చింది. ఆమె బొద్దాయన వీపు వెనక్కి ఒదిగిపోయింది. ఎందుకు దాక్కుందో ఆమెకే తెలియదు. తప్పు చేసింది తనే అయినట్టు తల దించుకుంది.

చిట్టి బాగా మాట్లాడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో తెలిసిన మనిషిలా మాట్లాడింది. గదిలో అందరూ నవ్వారు. బొద్దాయన భుజాలు ఊగేలా నవ్వాడు. ఆ తరవాత చిట్టి గొంతు తగ్గించింది.

"ఈ విద్య నాకు ఎవరు నేర్పారని అందరూ అడుగుతుంటారు. మా అమ్మ దుప్పటి నేర్పింది. అమ్మ పోయిన రాత్రి నాకు పంతొమ్మిదేళ్ళు. దగ్గినప్పుడల్లా రక్తం. మా చెల్లి చిన్నపిల్ల, భయపడుతుందని పక్కింటికి పంపేశాను. తెల్లారాక ఆ దుప్పటిని ఒక్కదాన్నే చల్లనీళ్ళలో ముంచాను. మరక పోయింది. మరక పోయినందుకే ఎక్కువ ఏడ్చాను."

చివరి మాట దగ్గర గొంతు సన్నగా వణికింది. చాలాసార్లు అదే చోట వణికిన గొంతు అది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

అక్కకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. ఆ రాత్రి చెవులు మూసుకుని గుమ్మంలో నిలబడ్డ పదకొండేళ్ళ పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. లోపలికి రానని, రానని తల అడ్డంగా ఊపిన పిల్ల. దాన్ని ఎత్తుకుని పక్కింట్లో దిగబెట్టి, తిరిగొచ్చేసరికి అమ్మ చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. ఆ కాస్త సేపట్లోనే అంతా అయిపోయింది. దుప్పటి ఉతికిన సంగతి రాసింది గానీ, ఆ ముక్క నోట్‌బుక్కులో రాయలేదు. చిట్టి చదువుతుందని, చదివితే బాధపడుతుందని రాయలేదు.

ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని చిట్టి అడిగింది. బొద్దాయన వెనక నుంచి ఆమె లేచి నిలబడింది.

"ఆ దుప్పటి ఏ రంగండి?"

చిట్టి అలవాటైన నవ్వుతో ఆ గొంతు వైపు తిరిగింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ, కళ్ళు మాత్రం గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల కళ్ళయ్యాయి. గదిలో ఎవరికీ ఏమీ తెలియలేదు. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు.

"తెలుపు," అంది చిట్టి.

"సరేనండి," అని ఆమె కూర్చుంది.

లేత పసుపు దుప్పటి. దాని మీద చిన్న చిన్న ఊదారంగు పూలు. ఒక మూల అమ్మ వేసిన మాసిక.

తరగతి అయిపోగానే ఆమె అందరికన్నా ముందు బయటపడి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. చిట్టి వెనకే వచ్చింది. బొద్దాయన ఆ ఇద్దరి మొహాలూ చూసి, ఏమర్థమైందో గానీ, ఖాళీ బండి తోసుకుంటూ దూరంగా వెళ్ళిపోయాడు. చిట్టి కిటికీ గట్టుకు ఆనుకుంది.

మొదట్లో నీ పేరుతోనే పెట్టానక్కా అని మొదలుపెట్టింది. చదివేవాళ్ళు పెరిగారు. ఫోటో కావాలన్నారు, ఎవరో ఇంటర్వ్యూ అడిగారు. నిన్ను ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టుకుని, నా మొహమెందుకే అన్నావు, గుర్తుందా అని అడిగింది. ఒకసారి నా ఫోటో పెట్టాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను అంది. మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఇల్లు గడిచింది దీంతోనే అంది. నీ వాటా నీకు ఇద్దామనే ఉన్నాను, మంచిరోజు చూసి చెబుదామనుకున్నాను అంది.

ఫోటో సంగతి నిజమే. అక్క ఆ మాట అంది. మొహం వద్దంటే పేరు కూడా వద్దన్నట్టని ఆమెకు తోచలేదు, అంతే. దుకాణం సంగతి ఎత్తుదామనుకుంది. ఆ వారం పళ్ళెం తుడుస్తూ అడిగిన రోజు చిట్టి ఎంత జాలిగా చూసిందో అడుగుదామనుకుంది. చేతిలో ఉన్న తలగడ గలీబు మీది టీ మరకను అద్దుతూనే ఉంది.

"అమ్మ దగ్గర నువ్వు లేవు కదా చిట్టీ."

"లేనని తెలుసు." చిట్టి గొంతు ఈసారి వేరే చోట వణికింది. "చెప్పీ చెప్పీ, ఇప్పుడు ఉన్నట్టే అనిపిస్తుందక్కా."

అక్క మొదటిసారి తలెత్తి చూసింది. అది అబద్ధం కాదని ఆమెకు తెలిసిపోయింది. డబ్బయితే పోయింది, ఇవాళ కాకపోతే రేపు మరచిపోవచ్చు. ఆ రాత్రి తను ఒక్కతే మోసింది. ఆ బరువు తప్ప అమ్మ ఆమెకిచ్చి పోయిన ఆస్తి ఏదీ లేదు. ఇప్పుడు అదీ పంచుకుపోయారు.

చిట్టి గబగబా బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఫోను తెరిచింది. నీకు చూపించాలి, ఎంతమంది ఎంత ప్రేమగా రాస్తారో చూడు అంటూ ఒకటి చదివింది. ఎవరో ఒకావిడ, తండ్రి చనిపోయేముందు తొడుక్కున్న చొక్కా మీది మరక పోగొట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నప్పుడు ఈ మాటలు చదివిందట. చొక్కాను ఉతకకుండా దాచుకుందట. చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నానమ్మా అని రాసింది.

అక్క చేతులు ఆగిపోయాయి.

"ఇలాంటివి ఎప్పట్నుంచి వస్తున్నాయి?"

చిట్టి ఫోను దించింది. కళ్ళజోడు తీసి గట్టు మీద పెట్టి, కళ్ళు ఒత్తుకుంది. మొదటి ఏడాది నుంచే అంది.

ఆరేళ్ళు. పది మంది కోసం రాస్తున్నాననుకుంటూ, ఆ పది మందీ ఎలాంటివాళ్ళయి ఉంటారో ఊహించుకుంటూ, ఒక్కరైనా ఒక్క మాట పంపితే బాగుండునని ప్రతి ఆదివారం చిట్టి మొహంలోకి చూసిన ఆరేళ్ళు. ఆమె గలీబును మెల్లగా పిండి, దులిపి, పక్క బుట్టలో వేసింది. మరక పూర్తిగా పోయింది.

"ఈ ఆదివారం రాకు," అంది.

"అక్కా..."

"ఏ ఆదివారమూ రాకు. ఇక్కడ నేనేమీ చెప్పను. నాకీ పని కావాలి. నువ్వెళ్ళు, బయట నీ కోసం చూస్తున్నారు."

సూపర్‌వైజర్ నిజంగానే తలుపు దగ్గర నిలబడి, కారు వచ్చిందని సైగ చేస్తున్నాడు. చిట్టి చెయ్యి చాచింది. అక్క చేతులు సబ్బునీళ్ళలో ఉన్నాయి, బయటికి తీయలేదు. చాచిన చెయ్యి కాసేపు గాలిలో ఉండి బ్యాగు మీదికి వెళ్ళిపోయింది. చిట్టి హాలు మధ్యగా, దుప్పట్ల బండ్లను తప్పించుకుంటూ వెళ్ళింది. తలుపు దగ్గర సూపర్‌వైజర్ ఏదో అంటే తల ఊపింది, నవ్వింది కూడా. వెనక్కి తిరగలేదు.

బొద్దాయన బండి తోసుకుంటూ తిరిగొచ్చాడు. ఆ మేడం తెలుసా నీకు అని అడిగాడు. చిన్నప్పుడు తెలుసునంది. ఆయన ఇంకేమీ అడగకుండా, సిరా మరకున్న చొక్కా ఒకటి చేతికందించి, పుస్తకంలో చెప్పినట్టు స్పిరిట్ వేశాను, పోవడంలేదు అన్నాడు. ఆమె మరకను వెలుతురుకు పట్టి చూసింది. స్పిరిట్ వేసే ముందు మరక కింద పాత గుడ్డ మడత పెట్టాలని, లేకపోతే సిరా వెళ్ళడానికి చోటుండదని చెప్పింది. ఇది పుస్తకంలో లేదే అన్నాడాయన. లేదు, ఇంకా రాయలేదు అనబోయి, లేదు అని ఊరుకుంది.

కాసేపటికి గట్టు మీదికి చూపు పోయింది. చిట్టి కళ్ళజోడు అక్కడే ఉంది. అది లేకపోతే చిట్టికి అక్షరం కనపడదు. బడికెళ్ళే రోజుల్లో పెన్సిలు పెట్టె, గొడుగు, ఒకసారి ఒక కాలి చెప్పు, ఏది మరిచిపోయినా అది పట్టుకుని సందు మలుపు దాకా పరిగెత్తింది అక్కే. ఇప్పుడు కూడా కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి. కిటికీలోంచి చూస్తే కారు ఇంకా గేటు లోపలే, ఎదర లారీ అడ్డం ఉండి ఆగి ఉంది. పరిగెత్తితే అందే దూరం.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చి బొద్దాయన ఇచ్చిన సిరా మరక చొక్కా అందుకుంది. బయట లారీ తప్పుకోవడం, ఆ వెనకే కారు వెళ్ళడం కిటికీలోంచి ఓరగా కనిపించాయి. అయిదింటికి గంట మోగేదాకా తల ఎత్తకుండా పనిచేసింది. చేతులు తుడుచుకుని, గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి, అందరితో పాటు బస్సు స్టాపు వైపు నడిచింది.

కిటికీ గట్టు మీద కళ్ళజోడు ఒక కాడ మడిచి, ఒక కాడ తెరిచి అలాగే ఉంది. ఉతుకు యంత్రాల ఆవిరికి దాని అద్దాలు రెండూ మసకబారాయి.